ఎబెర్ మాస్టారి పరామర్శలు

ల్యాబులో రియాక్షన్ పాడైతే ఎవరైనా ఏం చేస్తారు? నాలుగు తిట్లు తిట్టుకుని, ఫ్లాస్కు కడిగేసి, మళ్లీ మొదలుపెడతారు. మా ఎబెర్ ఇరురేతా మాస్టారు మాత్రం పరామర్శ పెట్టేవారు. వేళాకోళానికి అనడం లేదు. పోయిన రియాక్షన్ ఉన్న ఫ్లాస్కు మెడకి నల్ల రిబ్బను కట్టేవారు, నలుగురినీ పిలిచేవారు, వచ్చినవాళ్లకి తినడానికి పెట్టేవారు. ఆ తతంగం అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మోంతెవిదేయోలో కెమిస్టులకి కొదవ లేదు గానీ, తారు ముద్ద ముందు తల వంచుకుని నిలబడే మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను.

నేను మాస్టారు పనిచేసే పరిశోధన సంస్థలో చేరిన రోజే నాకీ సంగతి అనుభవంలోకి వచ్చింది. జూన్ నెల, మా దేశంలో నడి శీతాకాలం, ఎముకలు కొరికే చలి, పైన వాన. మెట్లెక్కి వచ్చేసరికి నడవాలో జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఒక చిన్న బల్ల, దాని మీద నల్ల రిబ్బను కట్టిందేదో ఉంది, పక్కనే పళ్లెం నిండా తోర్తా ఫ్రీతాలు. వాన పడితే పిండి వత్తి కొవ్వులో వేయించుకు తినడం ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉన్నదే గానీ, ఆఫీసులో వాటిని చూడడం అదే మొదలు. మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరులో ఉన్న పొడుగాటి పెద్దాయన ఒకరు ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"వచ్చావా తల్లీ," అన్నారు.

నేను ఎవరో ఆయనకి తెలియదు, ఆయనెవరో నాకు తెలియదు. అయినా మర్యాద ఒకటి ఉంటుంది కదా. "చాలా బాధగా ఉందండీ. ఎప్పుడు పోయారు?" అన్నాను.

"తెల్లవారుజామున."

"బాగా పెద్దవారా?"

"పెద్దా? నిన్న మధ్యాహ్నమే పుట్టిందమ్మా."

పసిబిడ్డ! కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాపం, బాధపడిందా?" అన్నాను.

"వంద డిగ్రీల దగ్గర కొంచెం పొంగింది. ఆ తర్వాత నల్లబడిపోయింది."

పక్కన నిలబడి నిండు నోటితో నములుతున్న ఒక భారీ మనిషి నా భుజం తట్టాడు. "కొత్తగా చేరావా? ఏడవకు. అది ఏడో స్టెప్పు. కిందటి నెల ఆరోది కూడా ఇలాగే పోయింది. ముందు ఇది తిను, చల్లారితే తోలులా సాగుతుంది," అన్నాడు. అతను వాల్దెమార్. మా అందరి పదార్థాలనీ స్ఫటికాలుగా పెంచడం అతని ఉద్యోగం, ఎదుటివాళ్లని ఏడిపించడం అతని కాలక్షేపం.

పరామర్శకి కొన్ని నియమాలుండేవి. మొదటిది, ప్లేటు తీయకూడదు. ప్లేటంటే వేలెడంత పలక. దాని మీద ఫ్లాస్కులోంచి ఒక చుక్క పెట్టి, ఆ చుక్కని పైకి పాకనిచ్చి, నీలి దీపం కింద చూస్తే లోపల ఏమేమున్నాయో మచ్చలు మచ్చలుగా తెలిసిపోతుంది. రియాక్షన్ అయిందో లేదో తెలుసుకోవడానికి ఏ కెమిస్టైనా చేసే మొట్టమొదటి పని అదే. లోపల బంగారం ఉన్నా పైకి అన్నీ బురద రంగులోనే ఉంటాయి మరి. ఎవరైనా పొరపాటున "మాస్టారూ, ప్లేటు తీశారా?" అని అడిగితే ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చేది.

"శవానికి నాడి చూస్తారుటయ్యా?"

"మరి పోయిందని ఎలా తెలుసండీ?"

"మొహం చూస్తే తెలియడం లేదూ?"

రెండో నియమం, వచ్చిన ప్రతివాళ్లూ పోయినదాని గురించి ఒక మంచి మాట చెప్పాలి. ఇందులో వాల్దెమార్‌ని మించినవాడు లేడు. "చాలా మంచి రియాక్షన్. ఎవరి జోలికీ పోలేదు. పోవలసిన చోటికి కూడా పోలేదు," అనేవాడు గుండెల మీద చెయ్యి పెట్టుకుని. మేము నవ్వాపుకోలేక గోడవైపు తిరిగేవాళ్లం. మాస్టారు మాత్రం గంభీరంగా తలాడించి, "బాగా చెప్పావు," అనేవారు.

మూడోది అన్నిటికంటే విచిత్రమైనది. ఆఖరున మాట్లాడడానికి ఆయన మాలో ఒకరిని ఎంచేవారు. వాళ్లు పోయినదానికి దగ్గరి చుట్టం అన్నమాట. అందరూ వెళ్లాక ఆ ఫ్లాస్కుని ఆ చుట్టమే ఒంటరిగా, తన చేతులతో కడగాలి.

"నాకూ దానికీ చుట్టరికం ఏమిటి మాస్టారూ?" అని ఎవరైనా మొండికేస్తే, "నీ బల్ల పక్కనే కదటయ్యా అది పెరిగింది!" అనేవారు. ఆ మాటకి ఎదురు చెప్పడం ఎవరికీ చేతనయ్యేది కాదు.

ఇంతకీ ఆయన చేస్తున్నదేమిటో చెప్పాలి. నారింజపండు తొక్కని తెగకుండా ఒలిస్తే మెలిక తిరిగి వేలాడుతుంది చూడండి, అలాంటి అణువు. ఆరుమూలల కర్బన వలయాలని ఒకదాని పక్కన ఒకటి ఒకే వైపుకి వంపుతూ అతికించుకుంటూ పోతే, కొంతదూరం బల్లపరుపుగానే ఉంటాయి. ఆ తర్వాత మొదటి వలయమూ చివరి వలయమూ ఒకే చోటికి వచ్చి కొట్టుకుంటాయి. ఇద్దరికీ చోటుండదు. అందుకని ఒకటి రెండోదాని మీదికెక్కి, మొత్తం మెలిమెట్లలా తిరుగుతుంది. మాస్టారు తలపెట్టింది ఇక్కడెవరూ చేసి ఎరగనంత పొడుగు మెలిక. దాన్ని ఒక్కసారిగా చేయడం కుదరదు. రైలు పెట్టెల్లాగా తల, నడుం, తోక విడివిడిగా చేసుకుని, మూడింటినీ తగిలించి, చివర్లో ఒక్క వేడితో వలయాలన్నీ మూసుకునేలా చేయాలి. ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే, ఒక ముక్క పాడైనా మిగతా రెండూ చేతిలో ఉంటాయి.

మాస్టారి చేతిలో అవి మూడూ ఒకేసారి ఉన్న రోజు లేదు. తల కుదిరిన ఏడు తోక పోయేది. తోక కుదిరిన ఏడు తల పోయేది. నడుం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంత చేతకాని కెమిస్టుకి ఉద్యోగం ఎవరిచ్చారా అని మిగతా అంతస్తులవాళ్లు వింతగా చెప్పుకునేవారు.

మా డైరెక్టరు లరాల్దె గారు కరుకు మనిషి గానీ అన్యాయం చేసే మనిషి కాదు. ఒకసారి ఆవిడ నడవాలో మాస్టారిని ఆపి, "ఎబెర్, మీ బల్ల మీద పుట్టినవాటికంటే పోయినవే ఎక్కువగా ఉన్నాయి," అంది.

"చివరికి ఎవరి లెక్కైనా సమానమే కదండీ, డాక్టర్," అన్నారాయన.

ఆవిడ నవ్వలేదు. చలికాలం వెళ్లేలోపు బయటినుంచి కమిటీ వస్తుందనీ, మెలిక చూపించాలనీ, అది కాకపోతే కనీసం నడుమైనా చూపిస్తే ఇంకో ఏడాది గడువు అడుగుతాననీ చెప్పింది. తలా తోకా చేసే దారి తెలిసిందే, మళ్లీ చేసుకోవచ్చు. నడుమే గడ్డు సమస్య. అదీ లేకపోతే బల్ల వేరేవాళ్లకి ఇచ్చేస్తారు, మాస్టారు ఇంటికి వెళ్లిపోవలసిందే. ఆయనకి పెళ్లీ పిల్లలూ లేరు. ఆ బల్లే ఆయన సంసారం. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

ఇక్కడ రెండు పరామర్శల గురించి చెప్పాలి. ఒకటి వాల్దెమార్ చుట్టమైనది. ఆ చలికాలానికి రెండేళ్ల ముందు అతని భార్య అతన్ని వదిలేసి సాల్తోలో ఉన్న పుట్టింటికి వెళ్లిపోయింది, కుక్కని కూడా వెంటబెట్టుకుని. వాల్దెమార్ ఏమీ జరగనట్టే తిరిగాడు. పైపెచ్చు జోకులు రెట్టింపయ్యాయి. "మంచం మొత్తం నాదే ఇప్పుడు. అడ్డంగా పడుకుంటున్నా, ఐమూలగా పడుకుంటున్నా," అనేవాడు. ఆ వారమే మాస్టారి తల ముక్క పోయింది. నల్ల రిబ్బను, నడవాలో బల్ల, అన్నీ మామూలే.

"వాల్దెమార్, దగ్గరి చుట్టానివి నువ్వే. మాట్లాడు," అన్నారు మాస్టారు.

వాల్దెమార్ గొంతు సవరించుకున్నాడు. మేము నవ్వడానికి సిద్ధపడ్డాం. "ఇది చాలా మంచి ఫ్లాస్కు. పిలిస్తే పలికేది. ఎంత ఆలస్యంగా ఇంటికెళ్లినా గుమ్మం దగ్గర..." అని ఆగాడు. "గుమ్మం దగ్గర పడుకుని ఉండేది. నా చెప్పుల మీద తలపెట్టుకుని." అంతే, అంత మనిషీ ఏప్రను మొహానికి కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఏ ఫ్లాస్కు గుమ్మంలో పడుకుంటుందని ఎవరూ అడగలేదు. ఎవరో అతని చేతిలో మాతే ఆకు కషాయం ఉన్న సొరకాయ బుర్ర పెట్టారు. అతను దాన్ని గొట్టంతో పీల్చుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు.

రెండోది యమీలాది. యమీలా మా దగ్గర డాక్టరేటు చేస్తున్న పిల్ల. కొన్నాళ్లు రాలేదు. తిరిగొచ్చాక ఫ్లూ అంది. మనిషి పాలిపోయి ఉంది. అప్పుడు తోక పోయింది. మాస్టారు ఆ పిల్లనే మాట్లాడమన్నారు.

"చాలా చిన్నది," అంది యమీలా ఫ్లాస్కు వైపు చూస్తూ. "అరచేతిలో పట్టేంత కూడా లేదు. నేను జాగ్రత్తగానే ఉన్నాను. బరువులు ఎత్తలేదు. పరుగెత్తలేదు. అందరూ చెప్పినట్టే చేశాను." ఆడవాళ్లం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. వాల్దెమార్ కూడా ఆ రోజు జోకు వెయ్యలేదు. మాస్టారు ఆ పిల్ల పక్కన నిలబడి, తోర్తా ఫ్రీతాని చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కొక్కటే అందించారు. అది ఫ్లూ కాదని ఆ నడవాలో అందరికీ అర్థమైంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

ఇక నా సంగతి. కమిటీ వచ్చే ముందు వారం ఆఫీసు ఫోనుకి పోర్తో అలెగ్రె నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. మా నాన్న పోయాడు. నా చిన్నప్పుడు పని మీద బ్రెజిల్ వెళుతున్నానని, వారంలో వస్తానని చెప్పి వెళ్లిన మనిషి ఆయన. మళ్లీ రాలేదు. అక్కడే ఇంకో ఇల్లు పెట్టాడు. సంగతి చెబితే మా అమ్మ, "ఎవరు? నాకు తెలియదు," అని కూరగాయలు తరుక్కుంటూ కూర్చుంది. అన్నయ్య, "పోతే పోయాడు, మంచిదే," అన్నాడు. వాళ్లిద్దరూ అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆయన కోసం ఏడవడానికి నాకు మాత్రం ఏం హక్కుంది? అందుకని ఏడవలేదు. మర్నాడు మామూలుగా పనికెళ్లాను. ఫ్లాస్కు కింద వేడి పెట్టాను. పైన ఆవిరిని చల్లార్చే గాజుగొట్టానికి చన్నీళ్ల కొళాయి తిప్పడం మరిచిపోయాను. ద్రావకమంతా ఆవిరై పోతోంది, నేను దాని ఎదురుగానే నిలబడి చూస్తున్నాను, నాకేమీ తెలియడం లేదు. మాస్టారు వచ్చి మెల్లిగా కొళాయి తిప్పారు.

"నీళ్లు వదల్లేదమ్మా," అన్నారు. అంతకుమించి ఏమీ అడగలేదు.

ఆ వారమంతా ఆయన మహా హుషారుగా ఉన్నారు. నడుం చివరి మెట్టులో ఉంది. ఈలపాట పాడుకుంటూ తిరుగుతున్నారు. వాల్దెమార్‌ని పిలిచి, "స్ఫటికం కట్టడానికి మంచి గాజు గిన్నె ఒకటి చూసి పెట్టవయ్యా, ఈసారి అవసరం పడేలా ఉంది," అన్నారట కూడా. ఈసారి గట్టెక్కుతారని మేమంతా సంతోషించాం. నా కొళాయి సంగతి జరిగిన రోజు మధ్యాహ్నం చూస్తే, నడుం ఉన్న ఫ్లాస్కు మెడకి నల్ల రిబ్బను ఉంది.

"అయ్యో మాస్టారూ! ఇది కూడానా?" అన్నాడు వాల్దెమార్. ఆ గొంతులో వేళాకోళం లేదు.

"ఏం చేస్తాం. దాని ఆయుష్షు అంతే," అన్నారు మాస్టారు. ఆ తర్వాత నా వైపు తిరిగారు. "నిల్దా, నువ్వు మాట్లాడు."

"నేనా? ఇది మీ నడుం మాస్టారూ. మీ ఉద్యోగమే దీని మీద ఉంది. మీరే మాట్లాడాలి."

"నాది కనకే చెబుతున్నా. చుట్టానివి నువ్వే."

ఫ్లాస్కు వైపు చూశాను. అడుగున గోధుమరంగు బురద. "ఇది... మొదట బాగానే ఉంది," అన్నాను. "వస్తానంది. వారంలో వస్తానంది. రాలేదు. అందరూ తిట్టారు. తిట్టాల్సిందే. కానీ నేను దీని కోసం కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. అన్నం కూడా అక్కడికే తెచ్చుకునేదాన్ని. వీధిలో ఎవరు నడిచినా ఇదేననుకునేదాన్ని. నన్ను భుజాల మీద ఎక్కించుకుని సముద్రం ఒడ్డున పరుగెత్తింది ఒకసారి. అది అబద్ధం కాదు కదా? ఆ ఒక్కటీ నిజమే కదా?"

వాల్దెమార్ భుజం మీద పడి ఏడ్చాను. ఇన్నేళ్లుగా ఏడవనిదంతా ఆ నడవాలోనే ఏడ్చాను. ఫ్లాస్కు భుజాల మీద ఎక్కించుకోవడం ఏమిటని ఎవరూ అనలేదు. యమీలా నా జుట్టు సరిచేసింది. మాస్టారు పళ్లెం తెచ్చి నా ఒళ్లో పెట్టారు. నేను ఏడుస్తూనే తిన్నాను. బాగా ఆకలేసిందని అప్పుడు గానీ తెలియలేదు.

అందరూ వెళ్లాక ఫ్లాస్కు కడగడానికి కూర్చున్నాను. కొంచెం ద్రావకం పోసి తిప్పుతుంటే నా బొటనవేలి మీద ఒలికింది. పక్కన ప్లేట్లు చూసే నీలి దీపాన్ని ఆర్పకుండా వదిలేసి పోయారెవరో. ఆర్పడానికి చెయ్యి పెట్టాను. బొటనవేలు నీలంగా ధగధగా మెరిసింది.

తారు మెరవదు. పాడైపోయినదేదీ అలా మెరవదు. నియమం ఉల్లంఘించి ప్లేటు తీశాను. ఒకే ఒక్క మచ్చ, ముత్యంలా శుభ్రంగా. అది మా చదువు చదివినవాళ్లకి కలలోకి వచ్చే మచ్చ. నడుం చావలేదు. నిక్షేపంలా ఉంది.

మర్నాడు పొద్దున్నే మాస్టారిని నడవాలో పట్టుకున్నాను. చంకలో వేన్నీళ్ల థర్మాసు, చేతిలో మాతే బుర్రతో వస్తున్నారు.

"మాస్టారూ, అది బతికే ఉంది! మీ నడుం బతికే ఉంది! ప్లేటు తీశాను!"

ఆయన అటూ ఇటూ చూసి, నన్ను దొంగని లాగినట్టు మూలకి లాగారు. "అరవకు! ప్లేటు ఎవరు తీయమన్నారు నిన్ను?"

"కమిటీకి చూపించండి. గడువు ఇస్తారు."

"పరామర్శ అయిపోయిందిగా. అందరూ తినేశారు కూడా."

"అంటే మీకు ముందే తెలుసా?"

ఆయన బుర్రలో వేన్నీళ్లు పోసుకుని గుక్కెడు పీల్చారు. పిల్లాడు దొరికిపోయినప్పుడు చూసే చూపు చూశారు.

"అన్ని పరామర్శలూ ఇంతేనా?" అన్నాను.

"ఛ ఛ. చాలావరకు నిజంగానే పోయాయమ్మా. నేను మరీ అంత గొప్ప కెమిస్టునేం కాదు. ఒక్కొక్కప్పుడు ఎవరికో పరామర్శ అవసరం పడుతుంది, ఆ వారం నా ఖర్మకొద్దీ అన్నీ బతికే ఉంటాయి. మరి ఏం చెయ్యమంటావు?"

"మా నాన్న పోయాడని మీకెవరు చెప్పారు?"

"మీ నాన్నా?" ఆయన మొహం చిన్నబోయింది. "నాకు తెలియదు తల్లీ. ఎవరో పోయారని మాత్రం తెలుసు. నువ్వు నీళ్లు వదలకుండా మంట పెట్టే పిల్లవి కాదు. ఎవరని నేను అడగను. అడిగితే చెప్పాల్సి వస్తుంది. చెప్పలేనివాళ్ల కోసమే కదా ఇదంతా."

నాకు మళ్లీ ఏడుపొచ్చింది, ఈసారి కోపంతో. "నా ఒక్కదాని ఏడుపు కోసం మీ బల్ల పోగొట్టుకుంటారా? నేను కమిటీకి చెప్పేస్తాను."

"చెబితే ఏమవుతుందో ఆలోచించావా? నీది బతికుందని తెలిస్తే యమీలా తనది కూడా బతికుందా అని అడుగుతుంది. ఆ పిల్ల మొగుడితో కూడా అనలేనిది ఆ ఫ్లాస్కుతో అంది. అదంతా నాటకమని తెలిస్తే ఆ ఏడుపుని ఎక్కడ పెట్టుకుంటుంది? వాల్దెమార్ సంగతో? వాడు చూడ్డానికే అంత మనిషి. కడిగెయ్యి నిల్దా. నా మీద ప్రేముంటే కడిగేసి ఊరుకో."

నేను కడగలేదు. కానీ ఊరుకున్నాను.

కమిటీ వచ్చింది. లరాల్దె గారి పక్కన బయటివాళ్లు ఇద్దరు.

"నడుం ఏమైంది డాక్టర్ ఇరురేతా?" అని అడిగారు.

"పోయిందండీ. వేడెక్కింది."

లరాల్దె గారు కళ్లజోడు తీసి, "ఏదో ఒకటి చూపించండి ఎబెర్. కొంచెమైనా," అంది. బతిమాలినట్టే ఉంది ఆ గొంతు.

మాస్టారు చేతులు చాపి చూపించారు, ఖాళీవి. నా కోటు జేబులో నడుం ఉన్న చిన్న సీసా ఉంది. దాన్ని వేళ్లతో పట్టుకునే నిలబడ్డాను. యమీలా నేల చూస్తోంది. వాల్దెమార్ తుడిచిన కళ్లద్దాలనే మళ్లీ తుడుస్తున్నాడు.

నెలాఖరుకి బల్ల ఖాళీ చేయించారు. చిరుగుల స్వెట్టరూ, థర్మాసూ అట్టపెట్టెలో పెట్టుకుని మాస్టారు బస్సెక్కి వెళ్లిపోయారు. దానికి పరామర్శ పెట్టాలని మాకెవరికీ తోచలేదు. పెట్టే మనిషే వెళ్లిపోతుంటే ఎవరు పెడతారు?

తర్వాత మా అంతస్తు చూడబుద్ధి కాలేదు. రియాక్షన్లు పోతూనే ఉన్నాయి, మేము గబగబా కడిగేసి ఎవరి మానాన వాళ్లం ఇళ్లకి పోతున్నాం. వసంతం వచ్చాక ఒకరోజు వాన పట్టుకుంది. నేనూ వాల్దెమార్ నడవాలో ఒట్టి మాతే తాగుతూ కూర్చున్నాం. ఇక నా వల్ల కాలేదు.

"వాల్దెమార్, నీకొకటి చెప్పాలి. ఆ నడుం చావలేదు. మాస్టారు కావాలనే చంపారు. నా కోసం."

అతను ఆశ్చర్యపోతాడనుకున్నాను. లేచి తన గదికెళ్లి, సొరుగు తెరిచి, చిన్న సీసా తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో పసుప్పచ్చని సూదుల్లాంటి స్ఫటికాలు.

"తల," అన్నాడు. "ఆ రోజు ఏడ్చి ఏడ్చి కడగడానికి ఓపిక లేక వదిలేశాను. మర్నాటికి ఇవి కట్టాయి. ముందు ముసలాయన చూసుకోలేదేమో అనుకున్నా. తర్వాత ఆలోచిస్తే, స్ఫటికాన్ని గుర్తుపట్టలేనంత వెధవ కాదు కదా ఆయన. చెబితే నీలాంటివాళ్లు బాధపడతారని నోరు మూసుకున్నా."

"నాలాంటివాళ్లా?"

"మీవన్నీ నిజంగానే పోయాయనీ, ఆయన నాకొక్కడికే ఇలా చేశాడనీ అనుకున్నాలే."

వెనక నుంచి చప్పుడైంది. యమీలా గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో. మెడలోని గొలుసు పైకి తీసింది. దానికి బియ్యపు గింజంత గాజుగొట్టం, రెండు వైపులా మూసినది, వేలాడుతోంది. మిగతాదంతా ఫ్రిజ్‌లో ఉందని చెప్పింది. తోక.

ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. "అంటే ఆయన తల, నడుం, తోక, మూడూ చేశాడు," అన్నాను.

"చేసి మనకిచ్చేశాడు," అన్నాడు వాల్దెమార్.

శనివారాలు వచ్చి మూడింటినీ తగిలించడం మొదలుపెట్టాం. దారి మాస్టారిదే, చేతులే మావి. ఒకసారి లరాల్దె గారు తలుపు తోసి లోపలికి చూసింది. "సెలవు రోజున ఇదేమిటి? ఎవరి పని ఇది?" అంది. "మా చుట్టాలది డాక్టర్," అన్నాడు వాల్దెమార్. ఆవిడ ఫ్లాస్కు వైపు ఒక క్షణం చూసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికేసి వెళ్లిపోయింది.

చివరి వేడి పెట్టే రోజు వచ్చింది. ఎక్కువైతే నిజంగానే తారైపోతుంది. మళ్లీ చేయడానికి మా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. నీళ్ల కొళాయి తిప్పానా అని ఎన్నిసార్లు చూసుకున్నానో. వాల్దెమార్ ప్రార్థనలు నమ్మడు గానీ పెదవులు కదులుతున్నాయి. ప్లేటు యమీలా తీసింది. నీలి దీపం కింద పెట్టింది. లేత ఆకుపచ్చ రంగులో, ఇంతకు ముందు మేమెవరం చూడని వెలుగు. మెలిక తిరిగింది.

మాస్టారి ఇల్లు లా తేహా పేటలో. వానలో తడుస్తూనే వెళ్లి తలుపు కొట్టాం. ఆయన బాగా చిక్కిపోయారు. మా ముగ్గురి ఎర్రబడ్డ కళ్లూ చూడగానే మొహం మారిపోయింది.

"ఎవరు పోయారర్రా?" అన్నారు మెల్లిగా. మేము మాట్లాడబోతే చేత్తో వారించారు. "వద్దు వద్దు, చెప్పక్కర్లేదు. లోపలికి రండి. కూర్చోండి. ఏడవండి. ఇది మీ ఇల్లే అనుకోండి." గబగబా కుర్చీలు లాగుతున్నారు, ఒకటి పడిపోతే మళ్లీ ఎత్తుతున్నారు.

యమీలా వెళ్లి ఆయన అరచేతిలో సీసా పెట్టింది. ఆయన దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. ఎంతో సేపు చూశారు.

"కుడి మెలికా, ఎడమ మెలికా?" అన్నారు చివరికి.

"రెండూ ఉన్నాయి మాస్టారూ. సగం సగం," అన్నాను.

అప్పుడాయనకి సంగతి పూర్తిగా అర్థమైంది. "అంటే మీరు కడగలేదా?" అని గద్దించారు. "ముగ్గురూనా? ఒక్కళ్లంటే ఒక్కళ్లు కూడా కడగలేదా? ఇంత మాట వినని చుట్టాల్ని నా జన్మలో చూళ్లేదు!" తిడుతూనే కుర్చీలో కూలబడ్డారు. అన్ని పరామర్శలు పెట్టిన మనిషి కంట తడి మేమెప్పుడూ చూడలేదు. ఆ రోజు ఆయన సీసాని గుండెలకి ఆనించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. మేము కూడా ఏడ్చాం. బల్ల తిరిగి రాదని అందరికీ తెలుసు.

కాసేపటికి స్వెట్టరు చేతితో మొహం తుడుచుకుని, దిక్కుతోచనట్టు మా వైపు చూశారు.

"పోయినవాటికి ఏం చెయ్యాలో నాకు తెలుసు. బతికినదానికి ఏం చేస్తారర్రా?"

నేనూ వాల్దెమార్ యమీలా వైపు చూశాం.

"పేరు పెడతారు మాస్టారూ," అంది యమీలా.

ఆయన నిటారుగా కూర్చున్నారు. శాస్త్రం ప్రకారం దానికి ఉండవలసిన పేరంతా, అంకెలతో సహా, ఊపిరి తీసుకోకుండా ఏకబిగిన చెప్పారు.

"అంత పేరా! బళ్లో పిల్లలు ఏడిపించి చంపుతారు," అన్నాడు వాల్దెమార్.

యమీలా నవ్వింది. కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మాస్టారి చెవిలో, తాను ఎప్పటినుంచో దాచుకున్న ఒక చిన్న పేరు చెప్పింది. ఆయన దాన్ని లోలోపల రెండుసార్లు పలికి చూసుకున్నారు. ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, బాగుంది, ఇదే ఖాయం అన్నారు. ఇప్పుడు సీసా మీద ఉన్నది ఆ పేరే.